ఇరవై రెండు అంగుళాలు

తెల్లవారుజామున మూడున్నరకు ఫోన్ మోగింది. ఎత్తితే అటువైపు నుంచి ఒకటే మాట: "దిగు తమ్ముడూ." సన్నీవేల్‌లో ఆ వేళకు వీధి దీపాలు తప్ప మరేవీ మేలుకుని ఉండవు. మెట్లు దిగి చూస్తే అన్న కారు, దాని పైకప్పు మీద తాళ్లతో కట్టిన నారింజరంగు తేలుడు బల్ల, వెనక సీటు నిండా రబ్బరు వాసన.

ఆయనది కాకినాడ. ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. అరవయ్యో పడిలో ఉన్నారు. మా తెలుగువాళ్లలో కొందరు టెన్నిస్ ఆడతారు, కొందరు ఇళ్లు కొని అమ్ముతారు, ఈయన మాత్రం శనివారం వస్తే ఊపిరి బిగబట్టి సముద్రంలో మునిగి ఈటెతో చేపను కొట్టుకొస్తారు. అందుకే అందరూ చేపలన్న అంటారు. రెండేళ్లుగా వెంటపడితే 2024 సెప్టెంబరులో ఒప్పుకున్నారు. ఒప్పుకునే ముందు మూడు నెలలు స్విమ్మింగ్ పూల్‌లో మునకలు వేయించారు, ఫ్రీడైవింగ్ క్లాసుకు పంపారు, చేపల లైసెన్సు కొనిపించారు. ఇంత తంతు దేనికని అప్పట్లో విసుక్కున్నాను కూడా.

నాకు చేపల వేట కొత్తేమీ కాదనుకునేవాణ్ణి. మా అమ్మగారి ఊరు భీమిలి దగ్గర. వేసవి సెలవుల్లో తెల్లారేసరికి ఒడ్డున అలివి వల లాగుతుంటే తాడు పట్టుకునే పిల్లమూకలో నేనూ ఒకణ్ణి. రెండు వైపులా ఇరవై ఇరవై మంది జాలర్లు, పాటకు తగ్గట్టు అడుగు వెనక్కి వేస్తూ లాగేవారు. వల ఇసక మీదికి వచ్చాక అందులో లేనిది ఉండేది కాదు. కవళ్లు, నెత్తళ్లు, అరచేతంత టేకులు, జెల్లీచేపలు, ఒక్కోసారి పాము. పనికొచ్చేవి తట్టల్లోకి, రానివి కాకులకి. వల ఎవర్నీ పేరు అడగదు, వయసు అడగదు. దాన్ని నేను తప్పు పట్టడం లేదు, ఆ తాడు లాగే ఇళ్లన్నీ ఆ వల మీదే బతికాయి. వేట అంటే అదేననుకుని ఈ దేశం వచ్చాను, అంతే.

గోల్డెన్ గేట్ వంతెన దాటి, పెటలూమా దగ్గర పెద్ద రోడ్డు వదిలి, బొడేగా బే చేరేసరికి మసక వెలుతురు. హిచ్‌కాక్ 'ది బర్డ్స్' సినిమా తీసింది ఇక్కడే. జెన్నర్ దగ్గర రష్యన్ రివర్ సముద్రంలో కలుస్తుంది. అక్కడి ఇసకతిన్నె మీద సీల్ జంతువులు గోనెసంచుల్లా పడి నిద్రపోతున్నాయి. ఆ తర్వాత రోడ్డు కొండ అంచుకు ఎక్కుతుంది. కుడివైపు గడ్డి కొండ, ఎడమవైపు ఏమీ ఉండదు, కిందెక్కడో తెల్లటి నురుగు తప్ప. అన్న అలవాటుగా ఒక చేత్తో స్టీరింగు తిప్పుతుంటే నేను రెండు చేతులతో సీటు పట్టుకున్నాను.

"అదిగో ఫోర్ట్ రాస్" అన్నారు ఒక మలుపులో. చెక్కలతో కట్టిన పాత కోట. 1812లో రష్యన్లు వచ్చి కట్టుకున్నారు, 1841లో అమ్ముకుని పోయారు. వాళ్లు వచ్చింది సముద్రపు నీటికుక్కల చర్మాల కోసం. వేటాడింది మాత్రం రష్యన్లు కాదు. అలాస్కా దీవుల నుంచి తెచ్చిన వేటగాళ్లు తోలు పడవల్లో కూర్చుని ఈటెలతో కొట్టారు. ఆ వేట ఎంత నిక్కచ్చిగా సాగిందంటే ఈ ఉత్తర తీరంలో నీటికుక్క అన్నది మిగల్లేదు. దక్షిణాన బిగ్ సర్ కొండల కింద దాక్కున్న ఓ యాభై జంతువుల గుంపు 1938లో లోకం కంటబడింది. ఇప్పుడు మధ్య కాలిఫోర్నియాలో ఉన్న దాదాపు మూడు వేలూ ఆ గుంపు సంతానమే. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరాన ఇవి ఈనాటికీ తిరిగి స్థిరపడలేదు.

"ఈ కథ గుర్తుపెట్టుకో. నీళ్లలో దిగాక దీని రెండో భాగం కనబడుద్ది" అన్నారు అన్న.

మేం వెళ్లింది సాల్ట్ పాయింట్ స్టేట్ పార్కుకు. శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సుమారు 90 మైళ్లు. పేరుకు తగ్గట్టే ఇక్కడి రాళ్ల గుంటల్లో ఎండిన ఉప్పును కషాయా పోమో తెగవాళ్లు తరతరాలుగా ఏరుకున్నారు. ఇసకరాయిని గాలి, ఉప్పు కలిసి తొలిచి తేనెపట్టులా చేశాయి. ఒకప్పుడు ఈ రాయినే కోసి ఓడల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వీధులకు పంపారు. గర్‌స్టల్ కోవ్ అనే చిన్న మలుపులో ఆ ఓడలను కట్టిన ఇనుప కొంకీలు రాళ్లలో ఇంకా కనబడతాయి. ఆ గర్‌స్టల్ కోవ్‌లో గుల్ల కూడా ముట్టకూడదు. రాష్ట్రంలో సముద్రం అడుగును పార్కుగా ప్రకటించిన తొలి చోట్లలో అదొకటి. దాన్ని దాటి ఉత్తరానికి వెళితే చేపను ఈటెతో పట్టవచ్చు. ఒకటే పార్కు, ఒకటే నీరు, మధ్యలో మ్యాపు మీద ఒక గీత. చేపలకు ఆ గీత తెలుసా అని వెటకారంగా అడిగాను. "తెలుసు. సాయంత్రం చూపిస్తాను" అన్నారాయన.

వేషం వేయడానికే ముప్పావుగంట పట్టింది. 7 మిల్లీమీటర్ల మందం రబ్బరు దుస్తు ఊరికే ఎక్కదు. లోపలంతా పసిపిల్లల షాంపూ నీళ్లు పోసి, జారిస్తూ ఎక్కించుకోవాలి. బజ్జీ మిరపకాయకు పిండి పట్టించినట్టు అన్న నన్ను తిప్పి తిప్పి తొడిగారు. తలకు టోపీ, చేతులకు గ్లవ్స్, నడుముకు 26 పౌన్ల సీసం. ఆ రబ్బరు మనిషిని పైకి తేల్చేస్తుంది కాబట్టి సీసం లేకపోతే మునగలేం. ఇంత దేనికంటే నీళ్లు 11 డిగ్రీలు. భీమిలి నీళ్లలో పెరిగిన ఒంటికి అది సముద్రంలా అనిపించదు, ఫ్రిజ్‌లా అనిపిస్తుంది. వసంతంలో వాయవ్యపు గాలులు పైనీటిని ఒడ్డు నుంచి నెట్టేస్తే ఆ ఖాళీలోకి లోతుల్లోని చల్లటి నీరు పైకి వస్తుంది. ఈ తీరానికి ఇంత జీవం ఆ చల్లనీటి చలవే. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో గాలి తగ్గి నీరు తేరుకుంటుంది. అన్న నన్ను అంతదాకా ఆపింది అందుకే.

చివరగా ఈటె తుపాకీ చేతికిచ్చారు. దీనిలో మందుగుండు ఉండదు, మందమైన రబ్బరు పట్టీలు వెనక్కి లాగి తగిలిస్తే ఉక్కు ఈటె దూసుకుపోతుంది. తన ఈటెకు ముల్కి కొసనుంచి సరిగ్గా 22 అంగుళాల దగ్గర పసుపు టేపు చుట్టి ఉంది. నా దానికి చుట్టబోయారు. "వద్దులే అన్నా, 22 అంగుళాలు కంటికి తెలీదా" అన్నాను. పొద్దున్నించి రాత్రిదాకా కంప్యూటర్ తెర ముందు కూర్చునేవాణ్ణి, ఆ తెర కూడా ఇంచుమించు అంతే ఉంటుంది. ఆయన నా వంక చూసి టేపు జేబులో పెట్టుకున్నారు.

రాళ్ల మీద కూర్చుని ఇరవై నిమిషాలు సముద్రాన్ని చూశాం. ఈ తీరం పొడవునా బోర్డులుంటాయి, సముద్రానికి వీపు చూపొద్దని. నాలుగు చిన్న కెరటాలు బుద్ధిగా వచ్చిపోతాయి, అయిదోది వచ్చి మనిషిని రాతి మీంచి తుడిచేస్తుంది. అన్న వేళ్ల మీద లెక్కపెట్టి, పెద్ద వరస వెళ్లిన మరుక్షణం "ఇప్పుడు" అన్నారు. దూకాం. మెడ దగ్గర సన్నటి చల్లటి నీటితాడు వెన్ను మీదుగా జారింది. నుదురు పగిలిపోతుందేమో అనిపించింది. రెండు నిమిషాలకు ముఖం మొద్దుబారింది, అప్పటికి గాని ఊపిరి నా మాట వినలేదు.

మా పద్ధతి ఒకటే: ఒకరు కిందకు వెళితే ఒకరు పైన ఉండి చూడాలి. ఇద్దరూ ఒకేసారి మునగకూడదు. పైకి వచ్చాక కూడా అరనిమిషం అవతలివాడి మీంచి చూపు తిప్పకూడదు. ఊపిరి ఆడని బాధ మనకు ప్రాణవాయువు తగ్గినందుకు పుట్టదు, బొగ్గుపులుసు గాలి పెరిగినందుకు పుడుతుంది. మునిగే ముందు గబగబా పదిసార్లు గాలి పీలిస్తే ఆ బొగ్గుపులుసు గాలి పోతుంది, దానితో పాటే హెచ్చరికా పోతుంది. మనిషికి హాయిగానే ఉంటుంది. పైకి వస్తున్నప్పుడు నీటి ఒత్తిడి తగ్గేకొద్దీ రక్తంలో ప్రాణవాయువు ఒక్కసారిగా చాలకుండా పోయి, నీటిమట్టానికి కాస్త కింద నిశ్శబ్దంగా స్పృహ తప్పుతుంది. చప్పుడు ఉండదు, చేతులాడించడం ఉండదు. పక్కన మనిషి ఉంటే బతుకుతాడు. ఆ అరనిమిషం అన్న నా కళ్లలోకి చూస్తూ ఉంటే మొదట్లో సిగ్గేసింది, తర్వాత ఆ చూపు కోసమే వెతుక్కున్నాను.

మొదటి నాలుగు మునకలు వేటలో లెక్కకు రావు. చెవులు, అద్దంలో నీళ్లు, కంగారు. అయిదోదానికి ఏడు మీటర్ల కింద నేల కనిపించింది. కనిపించింది గాని నేలలా లేదు. రాయి మీద రాయి, గుట్ట మీద గుట్ట, అంతటా ఊదారంగు ముళ్ల బంతులు పరచినట్టున్నాయి. సీ అర్చిన్లు. కాలు పెట్టే సందు లేదు. వాటి మధ్య రాయి గులాబీరంగులో, నున్నగా, గొరిగిన గుండులా ఉంది.

ఇదే అన్న చెప్పిన రెండో భాగం. ఇరవై ఏళ్ల కింద ఇక్కడ దిగితే అడవిలోకి దిగినట్టుండేదట. బుల్ కెల్ప్ అనే సముద్రపు నాచు, నాచంటే మన చెరువు నాచు కాదు, అడుగున రాయిని పట్టుకుని ఒక్క ఏడాదిలోనే 30 మీటర్ల దాకా పెరిగే తాడు, దాని చివర ఉల్లిగడ్డ లాంటి బుడగ. ఆ బుడగలో గాలితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుందంటే నమ్మలేదు గాని, నిజమే. ఆ అడవిని మేసేది అర్చిన్. అర్చిన్‌ను తినేది నీటికుక్క. అది రష్యన్ల కాలంలోనే పోయింది. ఆ తర్వాత ఆ పని ఒంటిచేత్తో, కాదు ఇరవై నాలుగు చేతులతో, చేసింది సన్‌ఫ్లవర్ నక్షత్ర చేప. మీటరు వెడల్పు వరకు పెరిగే ఆ జీవి అడుగున పరుగులాంటి నడకతో వస్తుంటే అర్చిన్లు తప్పుకునేవి. 2013లో నక్షత్ర చేపలకు ఒళ్లు కరిగిపోయే జబ్బు వచ్చింది. దాని వెనక ఉన్న బాక్టీరియాను శాస్త్రవేత్తలు 2025కు గాని గుర్తించలేకపోయారు. జబ్బు వెనకే 2014 నుంచి 2016 దాకా సముద్రం వేడెక్కింది. 350 కిలోమీటర్ల ఉత్తర తీరంలో కెల్ప్ అడవి 90 శాతానికి పైగా పోయింది. ఆబలోనీ అనే పెద్ద గుల్లపురుగులు తిండిలేక రాళ్ల మీంచి ఊడిపడ్డాయి. వాటి వేటను 2018లో మూసేశారు.

అన్న నిజానికి ఆబలోనీ మనిషి. గాలి సిలిండర్లు లేకుండా ఊపిరి బిగబట్టే దిగాలి, ఏడంగుళాల కన్న చిన్నది తీయకూడదు అన్నవి ఇక్కడి పాత నియమాలు. ఆ ఏడంగుళాలకు పెరగడానికి దానికి పన్నెండేళ్లు పడుతుంది. "మా పెద్దాడు పుట్టిన ఏడు పుట్టిన గుల్లని వాడి ఏడో క్లాసులో తిన్నాం అన్నమాట" అన్నారొకసారి. ఇప్పుడు ఆ కొలబద్ద ఆయన గరాజులో మేకుకు వేలాడుతుంది. అర్చిన్లను ఏరేసే స్వచ్ఛంద డైవర్లతో కలిసి ఉత్తరాన కాస్పర్ కోవ్‌కు వెళ్లొచ్చారు కూడా. సుత్తులతో కొట్టి కొట్టి ఒక చిన్న మడి శుభ్రం చేస్తే నాలుగు కెల్ప్ మొలకలు వచ్చాయట. ఆ నాలుగింటి గురించి చెప్పినప్పుడు ఆయన గొంతు, మనవళ్ల గురించి చెప్పేటప్పటి గొంతు ఒకటే.

అంతా బోడి కాదు. ఆ రోజు మేం ఉన్న మలుపులో ఒక అంచున కెల్ప్ తాళ్లు ఇంకా నిలబడి ఉన్నాయి. వాటి కింద వెలుతురు పచ్చగా, గుడి లోపలిలా మారుతుంది. అక్కడ చేపలున్నాయి. నీలి రాక్‌ఫిష్ గుంపు తలలన్నీ ఒకే దిక్కుకు తిప్పి వేలాడుతోంది. గ్రీన్‌లింగ్ జంట ఒకటి రాతి మీద. మగదానికి నీలం మచ్చలు, ఆడదానికి నారింజ చుక్కలు, రెండు వేర్వేరు జాతులనుకున్నాను. కొట్టవచ్చు. కొట్టడానికి ముందు మాత్రం పేరు తెలియాలి. రాక్‌ఫిష్, క్యాబెజాన్, గ్రీన్‌లింగ్ మూడూ కలిపి మనిషికి రోజుకు పది. వాటిలో క్విల్‌బ్యాక్ అనేదాన్ని ఆ ఏడాది ఒక్కటి కూడా పట్టకూడదు. నలుపు మీద పసుపు చారలున్న చైనా రాక్‌ఫిష్‌ను పట్టవచ్చు. రెండూ పసుపు, నలుపుల చేపలే, రెండూ రాతి నెర్రెల్లోనే ఉంటాయి. ఏడు మీటర్ల కింద, ముప్పై సెకన్ల ఊపిరితో, చీకటి నెర్రెలో తల పెట్టి ఇది ఎవరు అని తేల్చుకోవాలి. పైగా ఈ చైనా రాక్‌ఫిష్ మా తాతగారి వయసుదాకా, అంటే ఎనభై ఏళ్లకు దగ్గరగా బతుకుతుంది. అన్నాళ్లూ దాదాపు ఆ రాయి చుట్టుపక్కలే ఉంటుంది. అన్న వాటిని కొట్టరు. "రూలు ఒప్పుకున్నా నాకెందుకో చెయ్యి రాదు. నాకంటే పెద్దోడు కావచ్చు గదా" అన్నారు.

కొట్టాలనుకున్నది లింగ్‌కాడ్. లింగ్ కాదు, కాడ్ కాదు, పేరు మాత్రం రెండూ కలిపి పెట్టారు. పొడుగాటి ఒళ్లు, ఒంటి కన్న పెద్ద నోరు, నోటినిండా పళ్లు, రాతి రంగు. కనీసం 22 అంగుళాలు ఉండాలి, రోజుకు రెండు. శీతాకాలంలో ఆడది గుడ్లు పెట్టి వెళ్లిపోతే మగది వారాల తరబడి కదలకుండా కాపలా కాస్తుంది. అప్పుడు దాన్ని కొట్టడం పిల్లకాయలు కూడా చేయగలరు. కాబట్టి అన్న ఆ నెలల్లో ఈటె తీయరు.

తొమ్మిదో మునకో పదోదో. ఒక పలకరాయి మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. ముందు రాయే కనిపించింది, తర్వాత రాయికి కన్ను కనిపించింది. ఎంత ఉంటుంది? తెరంత. కాదు, ఇంకా పెద్దదే, 26 ఉంటుంది. గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. చేయి చాచాను, మీట నొక్కాను. తల వెనక దిగింది. ఈటె వెంట తాడు, తాడు వెంట చేప, దాని వెంట నేను, అందరం కలిసి పైకి వచ్చాం. కేక పెట్టాను. ఆ కేకలో అలివి వల పాట ఉంది.

అన్న చేపను తేలుడు బల్ల మీద పెట్టి, కత్తితో దాని ప్రాణం తీసి, బల్ల మీద గీసి ఉన్న కొలమానానికి ఆనించారు. ముక్కు నుంచి తోక కొస దాకా ఇరవైన్నర.

మళ్లీ కొలిచారు. ఇరవైన్నర.

నీళ్లలో అద్దంలోంచి చూస్తే ఏ వస్తువైనా మూడోవంతు పెద్దగా, పావువంతు దగ్గరగా కనబడుతుంది. కాంతి నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది, హైస్కూల్లో కర్రను గ్లాసులో ముంచి చూపించిన పాఠమే. ఇంజనీరింగు దాకా చదివి, పరీక్షల్లో మార్కులు తెచ్చుకుని, ఫ్రీడైవింగ్ క్లాసులో మరోసారి విని, చేప ముందు మర్చిపోయాను. అన్న టేపు ఎందుకు పనిచేస్తుందో అప్పుడు అర్థమైంది. ఈటె కొసా నీళ్లలోనే, చేపా నీళ్లలోనే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, పెరిగి కనబడేది రెంటికీ సమానమే.

వలలో చిన్న చేప పడితే, ప్రాణం ఉంటే విసిరేయొచ్చు. గాలానికి పడితే ముల్లు తీసి వదలొచ్చు. ఈటె దిగిన చేపను వదలడం అంటూ ఉండదు. ఇంటికి తీసుకెళ్లడానికి చట్టం ఒప్పుకోదు. 22 అంగుళాలు అవడానికి దానికి మూడు నాలుగేళ్లు పడుతుంది, ఇది ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే సరిపోయేది. అన్న ఏమీ అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. చేపను రెండు చేతులతో పట్టుకుని నీళ్లలోకి వదిలారు. తెల్ల పొట్ట తిరగబడి, మెల్లగా, పచ్చటి వెలుతురులోంచి ముళ్ల బంతుల మధ్యకు వెళ్లిపోయింది. పీతలు చూసుకుంటాయి.

"ఇవాళ్టికి నీ తుపాకీ బల్లకు కట్టెయ్యి. పైన ఉండి నన్ను చూస్తూ ఉండు."

"అలాగే అన్నా."

"ఆయ్" అని మునిగారు.

ఆ తర్వాతి గంట నా చేతిలో ఏమీ లేదు. ముఖం నీళ్లలో పెట్టి తేలుతూ ఆయన్ని చూడడమే పని. అరవై దాటిన మనిషి నేల మీద మోకాళ్ల నొప్పులంటారు, నీళ్లలో ఆకు రాలినట్టు దిగుతారు. కాలికి తొడిగిన ఈత రెక్క కదపరు. అడుగున పడుకుని చేపలు తన దగ్గరికి వచ్చేదాకా ఆగుతారు. అంతసేపూ లింగ్‌కాడ్ కోసం వెతికిన నాకు కనబడనివన్నీ ఇప్పుడు కనబడ్డాయి. వీపు మీద నాచు ముక్కలు అతికించుకుని నడుస్తున్న పీత. అన్నం పళ్లెమంత పచ్చటి పూవు లాంటి అనిమోన్, దాని నోట్లో సగం జీర్ణమైన అర్చిన్. క్యాబెజాన్ ఒకటి, పేరే స్పానిష్‌లో పెద్ద తలకాయ, గచ్చకాయ కళ్లతో నన్నే చూస్తోంది. దాని మాంసం రుచి, గుడ్లు మాత్రం విషం.

ఎవరో కాలు లాగారు. అన్న కింద కనబడుతూనే ఉన్నారు. మరి కాలు లాగిందెవరు? ఈ నీళ్లలో తెల్ల సొర తిరుగుతుంది, అది కట్టుకథ కాదు. 2004లో ఇదే తీరంలో ఉత్తరాన, ఆబలోనీ కోసం దిగిన డైవరు ఒకాయన దాని నోట పడి పోయారు. అందుకే కొట్టిన చేపను ఎవరూ నడుముకు కట్టుకోరు, తేలుడు బల్లకు కడతారు. ఇవన్నీ ఒక్క క్షణంలో తలలో తిరిగాయి. మెడ తిప్పి చూస్తే నా రెక్క చివర పళ్లతో పట్టుకుని ఒక సీల్, మీసాలు, గుండ్రటి తడి కళ్లు. నేను చూసేసరికి వదిలేసి, తలకిందులుగా తిరిగి, నా కింది నుంచి వెళ్లి అవతలి పక్క తేలింది. మళ్లీ లాగింది. మా ఊళ్లో బడికి వెళ్లే దారిలో జడలు లాగే కుర్రాడొకడుండేవాడు. అచ్చం వాడే. నవ్వితే అద్దంలోకి నీళ్లు వచ్చాయి. ఆ కాసేపు నేను అన్న మీంచి చూపు తిప్పాను, అది నా రెండో తప్పు. ఆయనకు ఇప్పటిదాకా చెప్పలేదు.

ఒంటిగంటకు అన్న ఒకే ఒక్కసారి ఈటె వదిలారు. 27 అంగుళాలు. అంతకు ముందు మూడుసార్లు గురిపెట్టి దించేయడం నేను పైనుంచి చూశాను.

ఈటెలు కారులో పెట్టి తాళం వేసి, భోజనం చేసి, సాయంత్రం గర్‌స్టల్ కోవ్‌లో ఒట్టి చేతులతో దిగాం. ఇక్కడా అర్చిన్లు ఉన్నాయి, జబ్బుకూ వేడికీ గీతలు లేవు. చేపలకు మాత్రం గీత తెలుసు. పొద్దున మేం దిగిన చోట లింగ్‌కాడ్ మనిషి నీడ పడగానే తోక ఆడించి నెర్రెలోకి పోయేది. ఇక్కడ ఒక పెద్ద ఆడచేప, నా కాలంత ఉంది, ఇప్పుడు నా అంచనాలను నేనే నమ్మను గాని కాలంత ఉంది, బాట మధ్య పడుకున్న ఊరి ఆవులా కదలకుండా ఉంది. చేయి చాపితే తగిలేంత దగ్గరికి వెళ్లాను. కన్ను తిప్పి చూసి మళ్లీ తన పనిలో పడింది, పనంటే ఊరికే ఉండడం. చిన్న చేప గుడ్ల కన్న ఇలాంటి పెద్ద తల్లుల గుడ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ పిల్లలు ప్రవాహంలో కొట్టుకుపోయి గీతకు అవతల కూడా పెరుగుతాయి. పొద్దున మా ఈటెకు ఎదురైనవి ఈమె సంతానమేనేమో, ఎవరు చూడొచ్చారు. పైకి వచ్చాక అన్న అరనిమిషం నా కళ్లలోకి చూసి, "చూపిస్తానన్నానా లేదా" అన్నారు.

ఇంటికి చేరేసరికి రాత్రి తొమ్మిది. చేపలో సగం అన్న నా సంచిలో పెట్టేశారు, వద్దంటే వినలేదు. సింకులో కోస్తుంటే మాంసం నీలంగా ఉంది. లేత నీలం కాదు, సిరాబుడ్డి ఒలికినట్టు పచ్చనీలం. మా ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఏవండీ, పాడైపోయినట్టుంది."

పాడవలేదు. లింగ్‌కాడ్‌లలో ఇంచుమించు అయిదింట ఒకటి ఇలా ఉంటుంది, పిత్తానికి రంగునిచ్చే పదార్థమే దాని మాంసంలోనూ ఉంటుంది. చింతపండు పులుసు మరిగి ముక్కలు పడ్డాక నీలం చూస్తుండగానే తెల్లబడింది. ముల్లు తక్కువ, వంజరం కన్న మెత్తన. మా అమ్మకు వీడియోలో చూపిస్తే, "ఎంతకి కొన్నావురా" అంది. కొట్టాం అంటే, "నువ్వా?" అంది. నేను కాదన్నాను.

ఇరవైన్నర అంగుళాల చేప గురించి ఆమెకు చెప్పలేదు. ఆఫీసులో చెప్పలేదు. ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను.

మర్నాడు హార్డ్‌వేర్ షాపుకు వెళ్లి పసుపు టేపు కొని, ముల్కి కొసనుంచి కొలిచి, నా ఈటెకు చుట్టాను. అక్టోబరులో మళ్లీ వెళ్లాం. నాకు నాలుగు లింగ్‌కాడ్‌లు ఎదురయ్యాయి. మూడు టేపుకు పొట్టివి. నాలుగోది సరిపోయిందో లేదో తేల్చుకునేలోగా ఊపిరి అయిపోయింది, పైకి వచ్చేశాను.